ఇరవై నాలుగు సెకన్లు

ముందే చెప్తున్నా, నాకు హీరోలంటే పడదు.
పడదంటే చూడనని కాదు.
ఏప్రిల్ నుంచి జూన్ దాకా
యశ్వంతపురం బుకింగ్ కౌంటర్లో నాకున్న సెలవులన్నీ
సగం అమెరికా బాస్కెట్‌బాల్‌కి
సగం శుక్రవారాలకి పోతాయి.
"మళ్ళీ ఎవరు పోయారు మేడమ్?" అంటాడు సూపర్‌వైజర్ రేవణ్ణ.
"తూర్పు వాళ్ళు సార్. నాలుగు ఒకటితో."

అక్కడ రాత్రి ఆట, ఇక్కడ తెల్లారి ఆరు.
పాలవాడు గేటు కొట్టేసరికే
ఒక ఫౌల్ గురించి గోడతో పోట్లాడుతుంటాను.
ఇప్పుడందరూ దూరం నుంచే విసురుతున్నారు.
బుట్ట కింద, మోచేతుల మధ్య
దూరి వేసేవాళ్ళు తగ్గిపోయారు.
ఇదీ నాకు నచ్చదు. రాసుకోండి.

మత్తికెరె థియేటర్ దగ్గర స్కూటర్ స్టాండు ఓబులేసుది.
వాళ్ళది కదిరి, మాది ధర్మవరం,
కాబట్టి టోకెన్ చింపే లోపే వాదన మొదలు.
ఆటలో బంతి చేతికొస్తే ఇరవై నాలుగు సెకన్లు ఓబులేసూ,
ఆలోగా వెయ్యాలి, లేదా అవతలివాడికి ఇచ్చెయ్యాలి.
మీవాడు కారు దిగడానికే
నేను లెక్కపెట్టాను, నలభై ఒకటి.
ముందు బూటు.
తర్వాత దుమ్ము.
తర్వాత బూటు మీద దుమ్ము.

"అక్కా, పొద్దన్నించి ఎండలో మున్నూరు బండ్లు సర్దినోనికి
ఆ నలభై ఒకటే నీడ" అన్నాడు.
ఏసీ గురించి అంటున్నాడనుకున్నాను.
లోపల కూచున్నాక, పేర్లు పడుతుంటే,
కాదని తట్టింది.
అయినా నా మాట మీదే ఉన్నాను.
ఎండాకాలం సినిమాలో పాటకి మంచుకొండ దేనికి?
చలిలో ఆ పిల్లకి చేతుల్లేని జాకెట్టు దేనికి?

నాకు నచ్చేది బెంచీ చివరివాడు.
తువ్వాలు ఊపేవాడు.
ముప్ఫై పాయింట్ల తేడాతో ఆట ముగిసిపోయి
జనం లేచి కార్ల వైపు పోతున్నప్పుడు
కోచ్ వేలు చూపిస్తే
పైచొక్కా గుండీలు పటపట పీకేసుకుని దిగుతాడే, వాడు.
మిగిలిన రెండు నిమిషాలూ
అదే ఫైనల్ అన్నట్టు పరిగెడతాడు.

రైల్వే జట్టులో పన్నెండో నంబరు నాది.
కంఠీరవ ఇండోర్‌లో ఒక్కసారి దిగాను,
ఒక నిమిషం పది సెకన్లు.
బంతి కూడా ఒక్కసారే ముట్టుకున్నాను,
గీత దాటి వచ్చింది,
తీసి రిఫరీకి ఇచ్చాను.

పోయిన శుక్రవారం ఫైటు మధ్యలో
బెంగళూరు వాన తెలుసుగా, చెప్పకుండా వచ్చి
కరెంటు ఎత్తుకుపోయింది.
చీకట్లో ఎవడో ఈల, ఎవరిదో పసిబిడ్డ,
నా చేతిలో చల్లారిన పాప్‌కార్న్.
జనరేటర్ దగ్గి, దగ్గి, అందుకుంది.
బొమ్మ కాస్త వెనక్కి పోయి మొదలైంది,
అదే ఫైటు మళ్ళీ.

హీరోని చూడటం అయిపోయింది కదా,
ఈసారి ఆకుపచ్చ చొక్కావాణ్ణి చూశాను.
ఐదో రౌడీ. నెరిసిన చెవులు.
తన్ను తగలకముందే
ఎక్కడ పడాలో ఓరగా చూసుకున్నాడు.
పడుతూ పడుతూ
పక్కన పడుతున్న కుర్రాడి తలకింద
అరచెయ్యి పెట్టాడు.
అంతే. అర సెకను కూడా లేదు.
ఆ తర్వాత చచ్చిపోయాడు.

ఈల వేశాను.
ముందు వరస పిల్లలు వెనక్కి తిరిగి
"హీరో లేడు కదా ఆంటీ" అన్నారు.

బయట ఇంకా చినుకులు.
"ఎట్లుందక్కా?"
"రెండో సగం సాగింది."
నా బండి గోడవారన ఇరుక్కుని ఉంది,
సీటుకి ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంది, నేను తొడిగింది కాదు.
తలమీద తువ్వాలు కప్పుకుని ఓబులేసు దూరాడు.
ఒకదాన్ని వంచి, ఒకదాన్ని తుంటితో నెట్టి,
రెండు బుల్లెట్ల మధ్య మోచేతులతో చోటు చేసుకుని
అద్దం కూడా తగలకుండా లాక్కొచ్చాడు.

అలవాటు కొద్దీ వాచీ చూసుకున్నాను.
పంతొమ్మిది.