రెండు కాల్వలు

కాంటా మీద కూసుంటే
లోకం టన్నులల్ల కనబడ్తది.
ముప్పైరెండేండ్లు గట్లనే చూసిన.
కోతలప్పుడు దామరచర్ల రోడ్డు దాకా ట్రాక్టర్ల లైను,
మంచినీళ్లకన్న ముందు టోకెను అడిగే రైతులు,
ఊక దుమ్ము కండ్లల్ల వడి
ఏడుస్తున్నట్టు నవ్వే హమాలోల్లు.

ఈ యేడు ఎడమ కాల్వకు నీళ్లిడ్వలె.
సాగర్ల లేనిది కాల్వకేడికెల్లి ఒస్తది!
మడికట్లు నోరు తెరిచినయి,
మా మిల్లు గేటు నోరు మూసింది.

చిత్రమేందంటే
గదే నెల ఇంకో కాల్వ ఎండింది.
ఎండుడంటే ఎండుడు గాదు, నీళ్లు మస్తుగున్నయట,
ఓడలే భయానికి పోతలేవట.
సూయజ్ అన్నరు.
నేను ముందు ఏదో మందు పేరనుకున్న.

తెడ్లవారి ఉప్పుడు బియ్యం సంచి మీద ఎర్ర కోడిపుంజు,
దాని కాళ్ల కింద: మిర్యాలగూడ.
ఈడ మిల్లు విశ్వనాథం సారు చూస్తడు,
దుబాయిల లెక్కలు చెల్లె హైమవతమ్మ,
తుర్కీల మెర్సిన్ రేవు కాడి గోదాము
చిన్నాయన కొడుకు నరహరి.
మూడు దేశాలు గని ఖాతా పుస్తకం ఒక్కటే,
అది మాణిక్యమ్మ దిండు కింద ఉంటది.

ఆ రాత్రి స్టాకు చెప్పనీకి నన్ను పిలిచిండ్రు.
బల్ల మీద రెండు ఫోన్లు, మధ్యల పల్లీలు.
"మన ఓడ ఆఫ్రికా చుట్టు తిరుగుతుంది పెద్దమ్మా,
పోలు చుట్టు పెండ్లిపిల్ల తిరిగినట్టు,"
నరహరి నవ్వబోయిండు, దగ్గొచ్చింది.
హైమవతమ్మ నవ్వలె.
"ఉరుగ్వేల బియ్యం దొరుకుతయి.
ఆడికెల్లి మెర్సిన్‌కు ఏ కాల్వా అడ్డం రాదు.
మన సంచులల్ల నింపుదం."

విశ్వనాథం సారు పల్లీకాయ ఒలిచిండు, తినలె.
"నాయిన ఉంటే ఒప్పుకునెటోడా?"

"మీ నాయిన ఉంటే ఇంకా జొన్నలే పట్టిస్తుండె,"
అన్నది మాణిక్యమ్మ.
"ఊరికి కాల్వ ఒచ్చిన యేడు జొన్న గిర్ని అమ్మింది నేను.
రెండు దినాలు అన్నం ముట్టలేదాయన.
మూడోనాడు తిన్నడు.
వరన్నం."

జరసేపు ఫోన్లల్ల గూడ సప్పుడు లేదు.

"ఆడ తినేటోల్లకు ఏం ఎర్క, నరహరీ?"
"కోడి ఎర్క పెద్దమ్మా. ఊరు ఎర్క లేదు."
"గట్లయితే ఊరి పేరు తీసెయ్యుండ్రి.
కోడి ఉండనీ.
మనది కాని గింజ మీద మన ఊరేంది?"

లేవబోతుంటే నా దిక్కు తిరిగింది.
"సైదులూ, హమాలోల్లు ఎంతమంది?"
"నలభై ఒక్కరమ్మా."
"నీళ్లొచ్చేదాంక సగం కూలి రాయి."
విశ్వనాథం సారు ఏదో అనబోయి
పల్లీ నోట్ల ఏసుకున్నడు.

తెల్లారి షెడ్డు కింద చెప్పిన.
మెచ్చుకుంటరనుకున్న.
నాగన్న బీడీ ఆర్పి అడిగిండు:
"సగం సంచి ఎట్ల మోస్తరే?"
నా దగ్గర జవాబు లేకుండె, ఇప్పటికీ లేదు.

పాత సంచులు నాలుగువేలు మిగిలినయి.
తలా ఇన్ని పట్కపోయిండ్రు,
గొర్ల కొట్టాల మీద కప్పిండ్రు, తడికెలకు కట్టిండ్రు.
మా కాలనీ అంతట ఇప్పుడు కోళ్లే,
కోళ్ల కింద మా ఊరే.

వడ్లు లేవు గని ఊక అమ్ముతున్నం, ఇటుకల బట్టీలకు.
లారీ గుట్టలెక్క నిండుతది,
కాంటా మాత్రం నమ్మదు,
గింతేనా అన్నట్టు చూపిస్తది.

నిన్న నరహరి ఫోటో పంపిండు.
మెర్సిన్ గోదాంల కొత్త సంచులు, వరసకు వరస.
కోడి గదే, ఎరుపు గదే,
కాళ్ల కింద తెల్లగ ఖాళీ జాగ.
నాగన్నకు చూపించిన.
ఫోను దగ్గరికి పెట్టుకున్నడు, దూరం పెట్టుకున్నడు.
"ఎగురుతుందా అన్నా ఇది,
పడుతుందా?"

బయట లారీ హారన్ కొట్టింది.
పోయి కాంటా సున్న చూసుకున్న.