ముల్లు నిలిచేదాకా

గుంతకల్లు లోకోషెడ్డులో ఫిట్టరు మా నాయన.
ఆరు రోజులు ఇంజన్లకు,
ఆదివారం తుపాకులకు.

ఆ పొద్దు మా ఇంట్లో నిప్పు పుట్టగూడదు.
అమ్మ చీకట్నే లేచి సంగటి కెలికి, ఊరిమిండి నూరి,
పొయ్యిలో నీళ్లు చల్లి బూడిద దూరంగా పారబోసి
"ఇంగ నీ రాజ్యమే" అని
పక్కింటి మాబున్ని దగ్గరికి పోయేది.
బీడీ మానలేని రంగప్ప మామకు
గోడ అవతల్నుంచే పలకరింపులు.

పాత రైలుపెట్టె పలకతో చేసిన బల్ల.
జేజి చీర చింపిన పీలికలు,
కొబ్బరినూనె సీసాలో మిషను నూనె,
బిస్కెట్ల డబ్బా నిండా ఇత్తడి తూటాలు, పేలిపోయి ఖాళీ అయినవి.
వాటిని లెక్కపెట్టడం నా పని.
కింది పెదవికి ఆనించి ఊదితే
ఒక్కోటి ఒక్కో రైలు.
పగులు పట్టినదాని కూత వేరు.
తలెత్తకుండానే అనేవాడు నాయన:
"అది పక్కన పెట్టు పాపా."

"ఇత్తడికి ఓపిక జాస్తి.
పేలినప్పుడల్లా రవ్వంత ఉబ్బుతాది,
మళ్లా ఒద్దికగా అచ్చులోకి వస్తాది.
ఎన్నిసార్లని మనం అడగగూడదు.
ఇంగ చాలని అదే చెప్తాది."
ఒకసారి ఆ మాట విని అమ్మ నవ్వింది.
ఎందుకో నేను అడగలేదు.

తర్వాత త్రాసు.
తాడిపత్రిలో అంగడి మూసేసిన కంసాలి మౌనాచారి దగ్గర కొన్నది,
ఒకప్పుడు ముక్కుపుడకలు తూచింది.
నాయన ఫ్యాను ఆపేవాడు.
నేను ఊపిరి ఆపేదాన్ని.
ముల్లు అటూ ఇటూ ఊగి
నిలిచేదాకా
యార్డులో షంటింగు చప్పుడు కూడా
ఏదో తప్పు చేస్తున్నట్టుండేది.

బాగుచెయ్యమని వచ్చేవన్నీ ముసలివే.
ఉరవకొండ నుంచి మడమ విరిగిన ఒంటిగొట్టం,
గుత్తి నుంచి చెదలు రుచి చూసిన ఇంకోటి.
ఒకదాని గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది.
పిల్లలు ఎగిరిపోయేదాకా నెలరోజులు
దాన్ని ముట్టలేదు నాయన.

నంబరు లేనిది తెచ్చినోళ్లకు
టీ మాత్రం దొరికేది.
ఒక రాత్రి జీపు వచ్చి వాకిట్లో ఆగింది.
"లేత్ బెల్టు తెగింది సార్" అన్నాడు.
జీపు పోయినాక లోపలికొచ్చి
బాగున్న బెల్టును కత్తితో కోసేసినాడు,
ఇంట్లో అబద్ధం మిగలగూడదని.

ఆయన కాల్చగా నేను చూసింది తక్కువ.
శెనక్కాయ చేన్లో పందులు దిగినప్పుడు
మంచె మీది నుంచి ఆకాశానికి ఒకటి.
"ఇంత కష్టపడి నింపేది గాలికేనా?"
"గాలికే. అందుకే సరిగ్గా తూయాల."

ఎలక్షన్లొస్తే తుపాకీ స్టేషన్లో అప్పజెప్పాల.
తుడిచి, నూనె రాసి, దుప్పట్లో చుట్టి
పసిబిడ్డను ఆస్పత్రికి తీసకపోయినట్టు పోయేవాడు.
ఈసారీ ఇచ్చినాడు. రసీదు తెచ్చుకున్నాడు.
ఫలితాలొచ్చినాయి, దండలు వాడినాయి,
గోడల మీది పేర్లు వానకు కారిపోయినాయి.
నాయన పోలేదు.
రైటరు హుసేనప్ప ఫోను:
"ఓబుళేసన్నా, మీ దానికి దుమ్ము పడుతుండాది."
"రేపొస్తా."

ఒక ఆదివారం చెప్పకుండా పోయినా.
పొయ్యి చల్లగా ఉంది. ఫ్యాను ఆగింది.
అమ్మ, ఏ ఇంటికీ పోకుండా, గడపలో కూచోనుంది.
బల్ల ముందు నాయన.
మందు లేదు, రవ్వలు లేవు,
త్రాసు ఒకటే.
పటకారుతో గురిగింజంత తూకపురాయిని
ఖాళీ పళ్లెంలో పెట్టాలని
చెయ్యి పోతాది, పోతాది,
అంచుకు తగిలి
ముల్లు వణుకుతాది
ఎవరి వణుకో తేలకుండా.

నేను డబ్బాలోంచి ఒక తూటా తీసి
పెదవికి ఆనించి ఊదినా.
"అది పక్కన పెట్టు."
"పగల్లేదు నాయనా, చూడు."
పటకారు కింద పెట్టి,
వణికే చేతిని చెవి వెనక దొప్ప పట్టి,
"ఏదీ, మళ్లా ఊదు" అన్నాడు.

ఊదినా.

అమ్మ లేచి లోపలికి పోయి
పొయ్యి ముట్టిచ్చింది.