యాంబర్

ఎస్పీ రోడ్డులో ఆ కొట్టు వెడల్పు
చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత.
నలుగురం ఒకేసారి పట్టం.
అందుకని ఓబులేసు బయటే, ఆమ్నీ వ్యాను దగ్గర,
ట్రాఫిక్ పోలీసు మీద ఒక కన్నేసి.

జేబులో పద్ధెనిమిది వేలు.
వర్తూరు అపార్టుమెంటు వాళ్ల వినాయక చవితి,
రెండు పుట్టినరోజులు,
ఎగ్గొట్టబోయి చివరికి సగమిచ్చిన ఒక రిసెప్షను,
అన్నీ కలిపి డ్రమ్ములో కుక్కిన దిండు కింద దాచినవి.

సేటు మీట నొక్కాడు.
గోడంతా ఒక్కసారి నెమలి,
తర్వాత ఎవరో కుంకుమ డబ్బా తన్నేసినట్టు ఎరుపు,
తర్వాత ఆసుపత్రి.
"పాట వింటాది సార్ ఇది, డోలు కొడితే మెరుస్తాది"
అని చప్పట్లు కొట్టి చూపించాడు.
మెరిసింది.
ఆయన దగ్గినా మెరిసింది.
వీధిలో లారీ హారనుకి ఇంకా బాగా మెరిసింది.
జిలానీ నా వైపు చూశాడు,
నేను తాళం తప్పినప్పుడు చూసే చూపు.

వాట్ల గురించి మాట్లాడుకున్నాం.
ఎక్కువ వాట్లంటే వేడి, వేడంటే లోపల ఫ్యాను,
ఫ్యానంటే గుయ్యిమని రొద,
ఫిలోమిన మెల్లగా ఎత్తుకునే పల్లవిలోకి
తుమ్మెద దూరినట్టు.
చెవి ఆనించి ఒక్కొక్కటీ విన్నాం
పుచ్చకాయలు ఏరుకునేవాళ్లలా.

ఫిలోమిన నలుపు.
మేం అనడానికి జంకితే ఆ మాట తనే అంటుంది.
పోయినేడు మారతహళ్ళి హోటల్లో, నీలం లైటు కింద,
ప్రతి ఫోటోలో ఆమె ముఖం
బూడిదతో తోమి కడగని గిన్నె.
పళ్లు మాత్రం పాడాయి.
ఆ ఫోటోలు ఇంట్లో చూపించలేదు తను.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని
"ఒక్కోటీ నా మీదెయ్యండి" అంది.
తెలుపు వేస్తే వద్దంది.
ఎరుపూ పచ్చా కలిపిన పసుపు వేస్తే కామెర్లంది.
సేటు అటక మీంచి మరో పెట్టె దించాడు,
గాజు మీద దుమ్ము, ధర వెయ్యి ఎక్కువ.
అందులో మామూలు నాలుగూ కాక ఐదో గింజ.
"యాంబర్" అన్నాడు. వెలిగించాడు.

ఏం చెప్పను.
బెల్లప్పాకం ముదిరేటప్పుడు
అంచున ఒక మెరుపొస్తుందే,
అది వచ్చి ఆమె చెంప ఎముక మీద ఆగింది.
టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులతో అలాగే నిలబడ్డాడు.
అద్దం అడిగింది. లేదు.
జిలానీ ఫోను తిప్పి పట్టాడు.
చాలాసేపు చూసుకుని
"ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారయ్యా దీన్ని" అంది,
లైటునో, ముఖాన్నో.

ఓబులేసు వాళ్లమ్మకి ఫోన్ చేశాడు.
హిందూపురంలో పెళ్లి ఊరేగింపుల్లో
నెత్తి మీద ట్యూబులైట్ల గుత్తి మోసిన మనిషి,
వెనక జనరేటరు బండి, మధ్యన వైరు.
పదహారేళ్లు.
ఒక్క పెళ్లికొడుకు ముఖమూ సరిగా చూళ్లేదట,
వెనక్కి తిరిగితే వైరు మెలిపడుతుందని.
రంగులు అడగలేదామె. వాట్లు అడగలేదు.
"బరువెంతరా?"
రెండు కిలోలన్నాడు.
అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు.
"వైరో?"
"లేదు మా, బ్యాటరీ."
"నాలుగు తీసుకో."

మూడింటికే సరిపోయింది డబ్బు.
బిల్లు ఎవరి పేరున అన్నాడు సేటు.
బ్యాండు పేరు మీద మా తగువు ఇంకా తెగలేదు.
"క్యాష్" అని రాసుకున్నాడు.

లగ్గెరెలో మా గది నాలుగో అంతస్తు.
వెళ్లేసరికి కరెంటు లేదు.
మెట్ల మీద చీకటి, ఎవరింట్లోదో పోపు వాసన.
ఓబులేసు ఒక లైటు తీసి వెలిగించి
ముందు నడవబోయి, ఆగి,
మా వైపు తిరిగి
వెనక్కి వెనక్కి మెట్లెక్కాడు.

రెండో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది.
"కరెంట్ బంతా?" అందొక ముసలామె.
"ఇల్ల అజ్జీ" అంది ఫిలోమిన.
తలుపు మాత్రం ఆమె వెయ్యలేదు.