వాహన గణన, ఏడు రోజులు

లెసోతో కొండల్లో, కనుమ మలుపు దగ్గర
ఏడు రోజులు కూర్చుంది మాట్సెలిసో,
ఉన్ని దుప్పటి భుజాన పిన్నుతో బిగించి,
మోకాలి మీద అట్ట, చెవి మీద పెన్సిలు.

రోజుకు ఇన్ని బండ్లని తేలితేనే
బ్యాంకు అప్పిస్తుంది, తారు పడుతుంది.
ఫారంలో గడులు నేను గీసినవే:
కారు, బస్సు, లారీ, ఇతరములు.

సోమవారం లారీలు మూడు.
ఒకటి ఎక్కలేక వెనక్కి జారి, మళ్ళీ ఎక్కింది.
రెండుసార్లు లెక్కపెట్టాలా అని ఫోన్లో అడిగింది.
నవ్వాను. ఒక్కసారే అన్నాను.

బుధవారం మంచు.
గురువారం కొండచరియ.
ఆ రెండు వరసల్లో సున్నాలు,
బడిపిల్ల దిద్దినట్టు గుండ్రంగా.

మార్జిన్లో మాత్రం బొమ్మలు:
పిండి బస్తాలతో గాడిదలు పదకొండు,
గుర్రం మీద టీచరమ్మ, ఆమె గొడుగు,
తలుపుచెక్క మీద నొప్పులు పడే మనిషి,
మోస్తూ నలుగురు.
సాయంత్రం అదే తలుపు పైకి తిరిగొచ్చింది,
దాని మీద ఎవరూ లేరు.
కింద ఏమైందో ఆమె రాయలేదు.
నేను అడగలేదు.

మసేరు ఆఫీసులో, హీటరు పక్కన, అంకెలెక్కిస్తున్నాను.
సగటు పంతొమ్మిది. గిరాకీ చాలదంటోంది కంప్యూటరు.
సున్న అంటే
రావలసినవాళ్ళు లేరనా, రాలేకపోయారనా?
దానికి గడి గీయలేదు నేను.

ఇతరముల కింద "తలుపు" అని కొట్టాను.
ఒప్పుకోలేదు, అంకె కావాలంది.
ఒకటి కొట్టాను.
టీ చల్లారిందాకా చూసి
రెండు చేశాను:
దిగినప్పుడొకటి,
ఎక్కినప్పుడొకటి.