తీగ రంగు

చిత్తూరులో సెకండ్ షో.
వద్దొద్దంటే వినకుండా టికెట్లు నేనే తీసినా.
గూఢచారి కతల్నీ, అవి రాసేటోళ్లనీ
ఎగతాళి చేసే సినిమా అని
పోస్టర్ మీదనే తెలస్తా ఉండాది:
నల్లకళ్లద్దాలు తలకిందులుగా పెట్టుకోని
టైపు మిషన్ ఎనక దాక్కున్న బట్టతలాయన.

పక్క సీట్లో చెంగల్రాయులు సారు.
పగలు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం గుమాస్తా,
రాత్రయితే ఏజెంట్ శరభ.
నెలకొక నవల, నూటిరవై ఎనిమిది పేజీలు.
నలభైయేడు దేశాలు తిప్పినాడు వాణ్ని,
తాను కాట్పాడి దాటకుండా.
బెర్లిన్ స్టేషన్లో ప్లాట్‌ఫారాలు లెక్కపెట్టుకోండి,
కాట్పాడివే.
మాస్కో మంచు కోసమని
ఐసు ఫ్యాక్టరీ కాడ గంటసేపు నిలబడి
జలుబు తెచ్చుకోని రాసిన అధ్యాయం
ఈ చేతుల్తోనే కంపోజ్ చేసినా.
శరభ కూడా తుమ్మతాడు దాంట్లో.

తెర మీద
రచయితను కుర్చీకి కట్టేసి విలన్ అడగతా ఉండాడు:
"మా రహస్య స్థావరం సంగతి నీకెలా తెలిసింది?"
"తెలీదండీ బాబూ, పేజీలు చాలక కల్పించాను!"
హాలంతా గొల్లుమనింది.
నేను నవ్వలే.
పేజీలు చాలనప్పుడల్లా
కారు ఛేజింగులు కలిపింది నేనే.
సారుకి ఈ పొద్దుకీ చెప్పలే.

ఆఖర్న బాంబు. రెండు తీగలు.
రచయిత చేతికి కత్తెరిచ్చినారు.
"ఎర్రదే! ఎప్పుడూ ఎర్రదే!
రాసేవాళ్లందరం ఎర్రదే రాస్తాం!"
ఈలలు, కాగితాలు.

సారు నా చెవి కాడికి వంగినాడు.
"మనది పచ్చది గదా, దొరసామీ."

పచ్చదే సార్.
ఎఱ్ఱ అని బండి ఱ తోనే రాస్తాడు ఆయన, పాతకాలం మనిషి.
మా ప్రెస్సు కేసులో దాని వత్తు
ఏ ఎలుక ఎత్తకపోయిందో ఏమో.
తెల్లారితే ఫారం మిషనెక్కాల.
పచ్చ అని పేర్చేసినా.
అచ్చులో చూసి ఒక్క మాట అనలే.
మరుసటి నెల కాగితాల్లో ఆయన చేతిరాతే,
పచ్చ తీగ.

బయట, వేలూరు రోడ్డులో టీ.
సారు గ్లాసు ఊదుకుంటా ఉండాడు.
"జెనీవాలో లారీ మీంచి దూకేది నీదే గదా?"
నాకు గుటక పడలే.
"లారీకి తమిళనాడు నంబరేసినావురా."
రొంతసేపు ఊరకే ఉన్నాడు.
"దిద్దుదామని కలం తీసినా.
ఆ దూకుడు బాగుండాదని
వదిలేసినా."