కంటి పాట

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ల
పాట పాడేటోడు నా పెనిమిటి.
పొద్దు పొడవకముందే రాశుల నడుమ నిలబడి
ఐదు నూర్లు, ఐదు నూర్ల యాభై, ఆరు నూర్లు...
ఊపిరి తీసుకునే సందు కూడ ఉండకపోయేది.
కొనేటోళ్ళు నోరు తెరవరు.
ఒకడు కనుబొమ్మ లేపుతడు,
ఒకడు బీడీని ఈ పెదవి నుంచి ఆ పెదవికి తిప్పుతడు,
మద్రాసు సేటు అయితే ఉత్తగ రెప్ప కొడతడు.
"సేటు రెప్ప ఖరీదు యాభై రూపాలే సత్తెమ్మా"
అని ఇంటికొచ్చి నవ్వేటోడు.

ఇనుపాముల కాడ లారీ తాకినంక
నలభై ఒక్క దినాలు హైదరాబాదుల.
ఇప్పుడు నల్లగొండ పెద్ద దవఖాన, కింది అంతస్తు.
మెడల గొట్టం, ముక్కుల గొట్టం.
కుడి రెప్ప వాలిపోయింది. ఎడమ కన్ను తెరిచే ఉంటది.
డాక్టరు టార్చి కొట్టి చూసి
"తెలుస్తుందో లేదో చెప్పలేం" అన్నడు,
ఆయన ముందల్నే.

గురువారం గురువారం ఒక పిల్ల వస్తది, నస్రీన్.
సంచిల పలకంత తెర,
తెర కింద వేలెడు నల్ల పట్టీ.
ఈయన నల్లగుడ్డు ఎటు పోతే అది అటు పోతదట.
ముందుగాల చుక్కలు. మూలకొకటి, నడుమ ఒకటి.
మూడు వారాలు ఏ చుక్క కాడా కన్ను ఆగలే.
ట్యూబులైటు మెరుపు అడ్డమొస్తుందని ఆర్పింది.
తల ఒరిగిపోతుంటే నా తువ్వాల చుట్టి
చెవి కింద పెట్టింది.
నాలుగో వారం ఒక చుక్క పచ్చగయింది.
ఆ పిల్ల చప్పట్లు కొట్టలే,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నా దిక్కు చూసింది.

బొమ్మలు పెట్టింది: నీళ్ళు, నొప్పి, చలి.
ఈయన ఏదీ ముట్టలే.
నా ఫోటో పెట్టింది. నేను చీర సదురుకున్న.
కన్ను నా మీదికెళ్ళి జారి గోడకు పోయింది.
"అలిసిపోయిండు ఆంటీ."

ఊకుండలేక నేనే ముచ్చట పెట్టిన.
మేక ఈనిందని, బోరు మోటరు కాలిందని,
"చెలక కాడి కాయలు సోమారం మార్కెట్ల ఏసిన,
నీ జాగల ఇప్పుడు జానయ్య పాడుతుండు.
పదకొండు బస్తాలు. బస్తా ఆరు నూర్లు పలికింది."

కన్ను గోడ దిగింది.
నస్రీన్ ఎందుకో అంకెల పలక తీసింది.
తొమ్మిది మీద ఆగింది.
ఆగుడంటే ఆగుడు, దాని చుట్టు గీత నిండేదాక.
సున్న.
ఏడు మీదికి జారబోయి మల్లొచ్చింది,
సున్న.
మిషను ఆడగొంతుతో చదివింది: తొమ్మిది వందలు.

నస్రీన్ కాయితం మీద రాసుకుంటుంటే పెన్ను వణుకుతుంది.
"తొమ్మిది వందలంటే ఏంది ఆంటీ?"
నాకు సమజయింది.
మూడు నెల్లకు మొగుడు మాట్లాడిన మొదటి మాట
నన్ను తిట్టుడు.

పదకొండు బస్తాలు, బస్తాకు మూడు నూర్లు.
జానయ్య గల్ల పట్టాల్నా, సేటు గల్ల పట్టాల్నా,
వచ్చే గురువారం అడగాలె.