తక్కువ అబద్ధం

చీటీ పాడితే చేతికొచ్చింది పద్నాలుగు వేలు.
అట్టపెట్టె మీద తొమ్మిది వేల ల్యూమెన్లని రాసుంది.
"అంత వెలుగుంటే తాడిపత్రికి ఎండెందుకురా?"
అన్నాడు ఫక్కీరప్ప మామ.
ముప్పై ఏండ్లు టాకీసులో
కార్బన్ కడ్డీలు కాల్చిన చేతులు ఆయనవి.

అంగడోడు రిమోట్ చూపిస్తాంటే
మామ పెట్టె వెనక్కి పోయినాడు.
సంతలో పొట్టేలును చూసినట్టు
పక్కలు తడిమి, ఫ్యాను ఊపిరి విని,
లెన్సు ముందర అరచెయ్యి పెట్టినాడు.
"నీలం ఎక్కువైంది. నలుపేమో బూడిద.
బొమ్మ వద్దుబ్బా, అక్షరాలు చూపీ.
బొమ్మతో ఎవడైనా మోసం చేస్తాడు."

ఆఖరికి
తక్కువ అబద్ధమాడిన పెట్టెను తెచ్చుకున్న్యాం.

గోడకు రెండు పూతల సున్నం.
మంచం కాడ పెడితే తొమ్మిదడుగులు,
బీరువా జరిపితే పదకొండు.
ఉలిగమ్మ కిటికీకి దుప్పటి కట్టింది.
అయినా ఐదు గంటల ఎండ
దుప్పటి చిల్లులోంచి దూరి
హీరో చెంప సగం తినేసింది.

రాత్రికి కుదిరింది.
బండల లారీ పోయినప్పుడల్లా
గోడ మీద సముద్రం వణుకుతుంది,
పిల్లోళ్ళు ఈలలు.

మామ గోడను చూడలే.
తల వెనక్కి తిప్పి
వెలుగు దారిలో ఎగురుతాండే
పాలిష్ మిల్లు దుమ్మునే చూస్తా కూర్చున్నాడు.
ఇరవై నిమిషాలకోసారి
రీలు మార్చేకి చెయ్యి లేస్తుంది.
ఆడేమీ లేదు.
మోకాలు గోక్కుంటాడు.